కొడితే తెరుచుకోదు

కంప్యూటరు కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది ఆన్ చెయ్యడం కాదు. దాన్ని కొట్టొద్దని. ఎన్నేళ్ళుగా చెబుతున్నానో, నా మాట వినేవాడు ఈ తీరంలో ఇంకా పుట్టలేదు. మౌస్ కదలకపోతే బల్లకేసి బాదుతారు. తెర ఆగిపోతే దాని నెత్తిన అరచేత్తో ఒకటి వేస్తారు. ఒక అక్షరం పడకపోతే ఆ మీటని బొటనవేలితో పీక నులిమినట్టు నులుముతారు. పూర్తిగా వీళ్ళ తప్పు కూడా కాదు. పడవ ఇంజను అందుకోకపోతే స్పానరు వెనక్కి తిప్పి రెండు వేస్తారు, అది గుర్రుమంటుంది. పాత టీవీని చరిస్తే బొమ్మ వచ్చేది. మోటారు సైకిలు తన్నితేనే లేస్తుంది. పెళ్ళాం కూడా కొడితేనే మాట వింటుందనుకునే మగాళ్ళు మా పేటలో ఉన్నారు. మా అన్నయ్య వాళ్ళలో ఒకడు.

భోగాపురం దాటాక హైవే నుంచి సముద్రం వైపు దిగే రోడ్డు మొదట్లో నా షాపు. ఒక గది, ముందు రేకుల షెడ్డు, వెనక నేనుండే ఇంకో గది. ఇటునించి ఎయిర్‌పోర్టు పనుల లారీల దుమ్ము, అటునించి ఉప్పుగాలి. ఈ రెండూ కలిసి కంప్యూటర్ల ప్రాణం తీస్తాయి, నాకు అన్నం పెడతాయి. రిపేర్లు చేస్తాను, వచ్చినవాళ్ళకి నేర్పుతాను. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏటమ్మా అని అడిగితే పడవ మీద సరంగు లాంటిదని చెప్తాను. ఇంజనుకీ వలకీ మనుషులకీ చెప్పేది వాడే. వాడు తాగి పడుకుంటే ఎంత కొత్త ఇంజనున్నా పడవ కదలదు. ఆ మాట అందరికీ అర్థమవుతుంది. సరంగు కదలకపోతే ఏం చెయ్యాలన్న దగ్గరే గొడవ. అందరికీ ఒకటే తోస్తుంది, తన్నాలని.

హ్యాంగ్ అయితే ఏమీ చెయ్యకూడదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. నొక్కినదే నొక్కి, నొక్కినదే నొక్కి, అది ముందు నొక్కుళ్ళకి జవాబు చెప్పుకునేలోపు ఇంకో పది తగిలిస్తారు. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి, మొరాయిస్తున్న ప్రోగ్రాము ఏదో చూసి దాన్ని మూసెయ్యాలి. అదీ కాకపోతే రీస్టార్ట్ చెయ్యాలి. అప్‌డేట్ అవుతోంది ఆపవద్దు అని తెర మీద రాసి ఉంటే, తెల్లారినా సరే ప్లగ్గు ముట్టుకోకూడదు. ఒకాయన మధ్యలో పీకేసి తెచ్చాడు. ఎందుకు పీకావు మావా అంటే, "గుండ్రంగా తిరగతన్నాది, సుడిగుండం లాగున్నాది, బయమేసి పీకీసినాను" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అన్నిటికన్నా ఘోరం కడగడం. సముద్రం మీదనించి వచ్చిన ఇంజనులో మంచినీళ్ళు పోసి ఉప్పు వదిలేదాకా కడగడం, మా పేటలో మగాడు అన్నానికి కూర్చోకముందు చేసే పని. కడగని ఇంజను తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఆ అలవాటు కంప్యూటరుదాకా వచ్చింది. ఒకాయన కీబోర్డుని బోరింగు కింద పెట్టి కడిగి, వలలు ఆరేసే ఇసుకలో ఎండబెట్టి, మీటల సందుల్లో ఇసుకతో సహా పట్టుకొచ్చాడు. "మంచినీలే పోసాను గదమ్మా, సముద్రం నీలు కాదు గదా" అని నా మీదే ఎగిరాడు. కరెంటు వస్తువుకి ఏ నీళ్ళైనా ఒకటేనని చెప్పి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను కూడా, నీళ్ళు తగలనివ్వొద్దని. ఆ గోడ ముందే కూర్చుని, తడిగుడ్డతో తెర తుడుస్తారు.

మా వదిన ఇలాంటివేమీ చెయ్యలేదు. శ్రీకూర్మం అవతల పేట పిల్ల, పదో తరగతి పాసైంది, చేతిలో నేర్పుంది. అన్నయ్య వేటకి పోయిన పూట నా షాపుకొచ్చి కూర్చునేది. తెలుగు టైపింగు నేర్పాను. అక్షరాలు పట్టుకోవడం మిగతా అందరికన్నా తొందరగా పట్టుకుంది. ఒక్కటే ఇబ్బంది. ఏదైనా తప్పు నొక్కితే తెర మీద చిన్న పెట్టె వచ్చి టింగుమంటుంది కదా, ఆ చప్పుడు వినగానే చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకునేది. మొదటిసారి నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

"ఇది నిన్నేటీ అనదు వదినా. తప్పయితే తప్పని సెప్తాది, అంతే. కంట్రోలూ జెడ్డూ కలిపి నొక్కు, సేసింది వెనక్కి పోద్ది" అన్నాను.

"సేసింది సెయ్యనట్టు అయిపోద్దేటి?"

"అయిపోద్ది."

ఆవిడ ఆ రెండు మీటల వైపూ చాలాసేపు చూస్తూ కూర్చుంది. మా అన్నయ్య మీద నాకు అప్పుడు వచ్చినంత కోపం కంటి ముందు కొడుతున్నప్పుడు కూడా రాలేదు. కొట్టేవాడు కొట్టి పోతాడు, అన్నం తింటాడు, నిద్రపోతాడు. దెబ్బ మాత్రం ఈ మనిషి భుజాల్లో కూర్చుని, ఎక్కడ టింగుమన్నా లేచి వస్తోంది.

పాత కంప్యూటర్లలో పనికొచ్చే ముక్కలు ఏరి ఒక మిషను కట్టి వదిన ఇంట్లో పెట్టాను. పెళ్ళికార్డులు, దినకర్మ కార్డులు, ముఖలింగం ఉత్సవాలకి కట్టే ఫ్లెక్సీల మీద పేర్లు, అన్నీ ఆవిడ ఇంట్లో కూర్చుని టైపు చేసిచ్చేది. గడప దాటని పని కాబట్టి అన్నయ్య ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళు పక్కన కూర్చుని తెరని గుడ్లురిమి చూసేవాడు. వాడికి చదువు అంతంతమాత్రం. "ఏటున్నాది అందులో, సదువు" అనేవాడు. ఆవిడ పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురు పేరూ చదివేది. అబద్ధం చెబుతోందని ఒకటి వేసేవాడు.

లేచి వెళ్ళేటప్పుడు తెరకి తాళం వెయ్యమని నేను అందరికీ చెప్తాను. కిటికీ బొమ్మ ఉన్న మీటా, ఎల్ మీటా కలిపి నొక్కితే తెర మూసుకుంటుంది. మళ్ళీ పాస్‌వర్డు కొడితేగాని తెరుచుకోదు. చిన్నపిల్లలు పని పాడుచెయ్యకుండా చెప్పే జాగ్రత్త అది. వదిన దాన్ని మోటారు సైకిలు చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కేది. ఎందుకో ఒక మధ్యాహ్నం నా షాపులో చెప్పింది. ఇంకో ఊళ్ళో టైపింగు పని వెతుక్కుంటోంది. ఆడవాళ్ళ హాస్టలు ఒకటి చూసుకుంది. పనిచ్చేవాళ్ళతో మెయిల్లో మాట్లాడుతోంది. ఆ ఊరేదో నేను ఇప్పటికీ రాయను.

"కేసెడదాం వదినా" అన్నాను.

"మొన్నెట్టినాం గదా. పిలిసి తిట్టీసి పంపించీసినారు. మల్లీ ఇంటికే గదా వచ్చినాం ఇద్దరం." తల వంచి, జుట్టు పాయ తీసి చూపించింది. నెత్తి మీద కుట్లు. "నన్ను సంపీస్తాడమ్మీ. ఈ ఏడు కాపోతే పైయేడు. నానేటీ ఏడుపు కోసం సెప్పట్లేదు. నిజం సెప్తన్నాను."

ఆవిడ రేపు వాన పడుతుంది అన్నట్టే చెప్పింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. పాస్‌వర్డు మా ఇద్దరికే తెలుసు.

మా అన్నయ్య మూర్ఖుడేగాని గుడ్డివాడు కాదు. తను గుమ్మంలోకి రాగానే తెర మూసుకుంటోందని కనిపెట్టాడు. "నానొస్తే మూసీస్తాది. ఎవుడున్నాడే అందులో?" అని తెడ్డు తీశాడు. పాస్‌వర్డు చెప్పమని కొట్టాడు. చెప్పలేదని కొట్టాడు. చెప్పకుండా అలా చూస్తోందేమని కొట్టాడు. ఎవరో వచ్చి చెబితే పరిగెత్తాను. వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఎడమ మణికట్టు పక్కకి వాలిపోయింది. చేతికందిన ప్లాస్టిక్ స్టూలు విసిరాను, వాడి నుదురు చిట్లింది. నా జుట్టు పట్టుకుని వీధిలోకి గెంటాడు. "మొగుడూ పెల్లాల మద్దెన నీకేటే పని?" అన్నాడు. వీధంతా చూస్తోంది. ఒక్కడూ గడప దిగలేదు. వాళ్ళని అప్పుడు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ కాగితం కాలిపోతుంది.

మణికట్టుకి కట్టు ఉండగానే ఒక పొద్దున్న వదిన వెళ్ళిపోయింది. వాడు వేటకి పోయాడు. విజయనగరం బస్సు కాంప్లెక్సులో ఎవరి ఫోనో అడిగి తీసుకుని నాకు చేసింది.

"బయల్దేరిపోనానమ్మీ. బస్సు కదిలిపోతన్నాది. పొరపాటు సేసీసినాను. అది తుడవనేదు."

ఎక్కడెక్కడ ఏమేం చూశామో కంప్యూటరు అంతా గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని తుడిచెయ్యడం నేను నేర్పిందే. తొందరలో మర్చిపోయింది. హాస్టలు చిరునామా, వెళ్ళే దారి, పనిచ్చినవాళ్ళ మెయిలు, అన్నీ అందులో ఉన్నాయి. తెర తెరుచుకుంటే చాలు, చదివిపెట్టేవాడు ఎవడైనా దొరుకుతాడు, అన్నయ్య మర్నాటికి ఆ హాస్టలు గుమ్మంలో ఉంటాడు.

వాళ్ళింటికెళ్ళి అదంతా తుడిచేద్దామని షట్టరు సగం దించి బయటికి వచ్చానో లేదో, వాడే ఎదురొచ్చాడు. వేట పడక పడవ తొందరగా తిప్పేశారట. తడి లుంగీతో, కంప్యూటరు పెట్టెని చంకలో పెట్టుకుని వచ్చాడు. నన్ను లోపలికి తోసి, పెట్టెని బల్ల మీద పడేశాడు. పక్కన వల కోసే కత్తి పెట్టాడు.

"తెరువు."

నా షాపు మానిటరుకి తగిలించాను. తగిలించక ఏం చెయ్యను. పాస్‌వర్డు అడిగే గడి వచ్చింది.

"నాకు తెల్దు అన్నియ్యా."

చెంప మీద పడింది. కళ్ళముందు తెల్లగా అయిపోయింది. "నువ్వు నేర్పినావు. నువ్వు కట్టినావు ఈ డబ్బా. నీకు తెల్దేటి?"

"తాలం ఎవుల్ది ఆలే ఏసుకుంటారు. నాకెలగ తెలస్తాది?"

మళ్ళీ పడింది. ఈసారి పెదవి పళ్ళకి తగిలి తెగింది. తర్వాత తనే కీబోర్డు లాక్కుని కొట్టడం మొదలుపెట్టాడు. తన పేరు కొట్టాడు, అమ్మ పేరు కొట్టాడు, పెళ్ళినాటి తారీఖు కొట్టాడు. ఒక్కో అక్షరం ఎక్కడుందో నన్ను అడుగుతూ, ఒక్క వేలితో. పాస్‌వర్డు తప్పని ప్రతిసారీ తెర చెప్పింది, ప్రతిసారీ నేనే చదివి వినిపించాను. తన పేరు కాదని తెలిసినప్పుడు వాడి మొహం చూడాలి. కీబోర్డుని బల్లకేసి రెండు ముక్కలు చేశాడు. పెట్టెని పిడికిలితో గుద్దాడు. రేకు సొట్టపడి వాడి వేళ్ళకణుపులు చీరుకుపోయాయి, బల్ల మీద రక్తం. అది మాత్రం అలాగే పాస్‌వర్డు అడుగుతూ నిలబడింది.

అప్పుడు ఒక్కసారిగా ఆగాడు. పెట్టెని తిప్పి దాని వెనకవైపు వంగి చూశాడు. ఉప్పుగాలికి అక్కడ మరలన్నీ ఎర్రగా తుప్పెక్కి ఉన్నాయి. వేలితో గీరి, ఆ పొడిని నాలుక మీద పెట్టుకుని చూశాడు. పడవ మీద ఇంజను చూసేటప్పుడు చేసినట్టే చేశాడు.

"ఉప్పు దిగిపోనాది లోపలికి" అన్నాడు. గొంతు మారిపోయింది. "బిగిసిపోనాది. అందుకే నొక్కింది నొక్కినట్టు తీసుకోట్లేదు. కడిగితే వస్తాదేటే?"

వాడి తల వెనక నా గోడ మీద నేను రాయించిన అక్షరాలు ఉన్నాయి. వచ్చినవాళ్ళందరి మీదా ఏ మాట కోసం గొంతు చించుకున్నానో ఆ మాట అది. పెదవి మీంచి కారుతున్న రక్తం మింగాను.

"కడుగు" అన్నాను. "మంచినీలతో కడుగు."

షెడ్డు ముందు కుళాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మూత నేనే విప్పి ఇచ్చాను. దోసిలితో నీళ్ళు పోశాడు. సందుల్లో దుమ్ముని చిటికెనవేలితో తీశాడు. ఫ్యాను రెక్కల్ని ఒక్కొక్కటే పట్టుకుని రుద్దాడు. నీళ్ళు పైకి చిందకుండా చేతిని అడ్డం పెట్టుకుంటూ, మధ్యమధ్య పైకెత్తి వంచుతూ, పసిపిల్లకి పోసినట్టు పోశాడు. వాడి చేతులు అంత మెత్తగా పనిచెయ్యగలవని నాకు తెలుసు, చిన్నప్పుడు నాకు తల దువ్వినవాడు వాడే. అవి వదిన మీద అలా పడగా నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, దానికి తోడు వాణ్ణి అక్కడికక్కడే చంపెయ్యాలనిపించింది.

భుజం మీది తువ్వాలుతో తుడిచి లోపలికి తెచ్చాడు. "పెట్టు" అన్నాడు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. ఢామ్మని పేలింది. వెనకనించి నల్లటి పొగ, కాలిన ప్లాస్టిక్ కంపు, షాపులో కరెంటు మొత్తం పోయింది.

వాడు పెట్టెని మళ్ళీ చంకలోకి తీసుకోబోయాడు. "ఇజీనారం అట్టుకెల్తాను. కాలిపోనా లోపల్ది తీసిచ్చీవోలు ఉన్నారంట. మా పడవోడు సెప్పినాడు."

వాడి పడవవాడు చెప్పింది నిజమే. కొత్తవాళ్ళకి నేను చెప్పేదీ అదే. మిషను చచ్చిపోయిందని బెంగపడొద్దు, తడిసినా కాలినా లోపల డిస్కు చాలాసార్లు బతికే ఉంటుంది, తీసి ఇంకోదానికి తగిలిస్తే మీ ఫొటోలు మీకు వస్తాయని. ఎందరో తల్లులకి పిల్లల ఫొటోలు అలా తీసిచ్చాను.

"ఉండన్నియ్యా, ఆ ముక్క నాను తీసిస్తాను. డబ్బా అంతా మొయ్యడమెందుకు" అన్నాను.

ఆగాడు. స్క్రూడ్రైవరు తీసుకుని డిస్కు విప్పాను. అరచెయ్యంత ఇనప డబ్బీ. సాయం చేస్తున్నాననుకుని వాడు పెట్టెని కదలకుండా పట్టుకున్నాడు కూడా. డిస్కుని గడప రాయి మీద పెట్టి, సుత్తి తీసి, నా బలమంతా పెట్టి కొట్టాను. మూత సొట్టపడింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ మళ్ళీ కొట్టాను. మూత చీలి, లోపల అద్దంలా మెరిసే పళ్ళెం వంకర తిరిగింది. దాని మీదా కొట్టాను. కంప్యూటరుని కొట్టొద్దని ఇంతకాలం చెప్పిన మనిషిని, ఆగలేకపోయాను. చివరికి రాయి పగిలింది.

వాడికి అర్థం కావడానికి కొంచెం పట్టింది. అర్థమయ్యాక కత్తి గుర్తురాలేదు, అది నా అదృష్టం. చేతులతోనే కొట్టాడు. పడ్డాక కాళ్ళతో తన్నాడు. దవడలో ఏదో విరిగిన చప్పుడు నాకు లోపలినించి వినపడింది. ఎడమ చెవి మీద కొట్టిన దెబ్బకి గుయ్యిమని మోగి ఆ పక్క అంతా మూగబోయింది. "ఎక్కడున్నాది, సెప్పు" అని అడుగుతూనే ఉన్నాడు. నా నోట్లో రక్తం నిండిపోయి, చెప్పాలనుకున్నా చెప్పడానికి లేదు. చెప్పాలని అనుకోలేదు.

చేపలమ్ముకుని ఆటోలో తిరిగొస్తున్న ఆడవాళ్ళు కేకలు విని దిగారు. అందులో పెద్దావిడ ఒకామె ఖాళీ సిల్వరు తట్టతో వాడి నెత్తిమీద కొట్టింది. మిగతావాళ్ళు కలబడ్డారు. నలుగురాడవాళ్ళు కలిసి మా అన్నయ్యని రోడ్డు మీదికి ఈడ్చి, వాడు చేతులెత్తేదాకా కొట్టారు. ఆ దెబ్బల చప్పుడు నా కుడిచెవితో విన్నాను. ఎంత హాయిగా ఉందో దాచుకోను. ఈసారి కేసు గట్టిగానే పెట్టాను, నడుస్తోంది. బెయిలు మీద వచ్చాడు, వేటకి పోతున్నాడు, నా షాపు ముందునించి వెళ్ళేటప్పుడు తల తిప్పుకుంటాడు.

దవడకి కట్టిన తీగలు తీశాక ఒక సాయంత్రం వదిన ఫోను చేసింది. పని కుదిరింది, హాస్టల్లో మంచం కిటికీ పక్కన ఇచ్చారు, అక్కడి కంప్యూటర్లన్నీ కొత్తవట. నా మాట ముద్దముద్దగా ఉందేమని అడిగింది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కడిగిన సంగతి, సుత్తి సంగతి, ఎడమ చెవి ఇక వినపడదని డాక్టరు చెప్పిన సంగతి.

ఆవిడ బస్సెక్కిందగ్గర్నించి ఎంత బతుకు కూడగట్టుకుందో, అదంతా వదిలేసినట్టు మెల్లగా అంది.

"సెప్పీకపోనావా అమ్మీ. వచ్చి నన్ను కొట్టీవోడు, అంతే గదా. నాకైతే అలవాటు. నీకు అలవాటు నేదు గదా."

నేను ఆవిడని నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నయ్యని కూడా ఎన్నడూ అలా తిట్టలేదు. దవడ మళ్ళీ సలపడం మొదలుపెట్టేదాకా తిట్టాను. ఆవిడ ఫోను పెట్టెయ్యకుండా అంతా వింది.